ఆర్వీలో యాంటెన్నా టీవీ ఆగి ఆగి వస్తోంటే

అమెరికాలో ఆర్వీ (లోపలే వండుకుని పడుకునే వీలున్న ఇల్లులాంటి బండి) మీద తిరుగుతుంటే పైకప్పు యాంటెన్నా టీవీ కాసేపు బాగా వచ్చి, అంతలోనే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతోందని అడిగారు. పాత అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడినా బొమ్మ ఉండేది. డిజిటల్‌లో ఒక హద్దు వరకు బొమ్మ అద్దంలా ఉంటుంది, అది దాటి తగ్గితే ఏమీ రాదు. మీ సిగ్నల్ ఆ హద్దు మీదే ఊగుతున్నట్టుంది.

ముందు బండి లోపల గోడ మీది యాంటెన్నా ప్లేటు (టీవీ కేబుల్ తగిలించే చోటు) చూడండి. చాలా బండ్లలో దానికి చిన్న బటన్, లైటు ఉంటాయి. ఆ బటన్ నొక్కితేనే కోయాక్స్ కేబుల్ (యాంటెన్నా నుంచి టీవీకి సిగ్నల్ తెచ్చే తీగ) గుండా పైనున్న యాంప్లిఫయర్‌కి, అంటే సిగ్నల్‌ని పెంచే పరికరానికి, 12 వోల్టుల కరెంటు వెళ్తుంది. నొక్కినా లైటు రాకపోతే ఫ్యూజు చూడాలి.

లైటు వెలుగుతున్నా బొమ్మ ఆగుతోందా? అయితే నా అనుమానం కేబుల్ కొసల్లోని కనెక్టర్ల మీదే. దారి కుదుపులకి అవి వదులవుతాయి, వానకి లోపల తడి చేరుతుంది. ఒక్కొక్కటి విప్పి మధ్యనున్న రాగి తీగ చూడండి: పచ్చగా చిలుము పట్టినా, వంగినా ఆ కొస కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించండి. కేబుల్‌ని చేత్తో కదిలిస్తే బొమ్మ పోయి వస్తోందంటే తప్పు అక్కడే దొరికినట్టు.

రాత్రిపూటే ఇబ్బందైతే ఎల్‌ఈడీ లైట్లు ఒక్కొక్కటే ఆర్పి చూడండి. కొన్ని చవకరకం లైట్లు సిగ్నల్‌ని చెడగొడతాయి.

కొత్త ఊరు చేరినప్పుడల్లా యాంటెన్నాని టీవీ ప్రసార టవర్ల వైపు కొద్దికొద్దిగా తిప్పి, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి, ఆ తర్వాతే చానెళ్లు మళ్లీ స్కాన్ చేయండి. పైకి లేపే రకమైతే బండి కదిలేముందు దించడం మరవద్దు.