స్నేహితుడికిచ్చిన నగదు అప్పు... చెక్కు తిరిగొచ్చింది, పన్ను గొడవ మొదలైంది

ప్రశ్న: మాది నరసరావుపేట. చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను. 2023 సెప్టెంబర్ 18న చిన్ననాటి స్నేహితుడికి 4 లక్షలు నగదుగా ఇచ్చి ప్రోనోటు రాయించుకున్నాను. నూటికి రూపాయిన్నర వడ్డీ. ఆరు నెలలు నెలకు 6 వేల చొప్పున ఇచ్చి ఆపేశాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాడు. గట్టిగా అడిగితే 4 లక్షలకు చెక్కు ఇచ్చాడు. నా ఖాతాలో వేస్తే అతని ఖాతాలో డబ్బు లేదని ఈ నెల 6న మెసేజ్ వచ్చింది. రిటర్న్ చార్జీ మాత్రం నా ఖాతాలోనే కోశారు! రిటర్న్ మెమో (చెక్కు ఎందుకు చెల్లలేదో బ్యాంకు రాసిచ్చే చీటీ) కోసం నాలుగుసార్లు తిరిగితే 19న ఇచ్చారు. అతనికి ఫోన్ చేస్తే, "20 వేలు దాటి నగదు ఇవ్వడమే నేరం, అలాంటి అప్పు కోర్టులో చెల్లదు, కోర్టుకెళ్తే నీకే పెనాల్టీ" అంటున్నాడు. ఇక్కడ టీ కొట్టు దగ్గర మావాళ్లేమో, స్నేహితుడి నుంచి 50 వేలు దాటి ఖాతాలో పడితే పన్ను కట్టాలంటున్నారు. రోజూ ఇదే గొడవ. అసలు నేను కేసు వేయవచ్చా? - ఒక పాఠకుడు

జవాబు: వేయవచ్చు. కానీ పన్ను సంగతి కాసేపు పక్కనపెట్టి ముందు క్యాలెండర్ చూడండి. మీకు అసలు ప్రమాదం అక్కడుంది.

చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా అతనికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 పెట్టిన షరతు ఇది. మెమో చేతికొచ్చింది 19న కదా, అక్కడి నుంచి లెక్కేసుకుందాం అనుకోకండి. 6న మెసేజ్ చూశారు కాబట్టి ఆ రోజు నుంచే లెక్కపెట్టుకోండి. ఈ వివాదం కోర్టులో తేల్చుకునే కన్నా వచ్చే నెల 5 లోపు నోటీసు పంపేయడం చవక. నోటీసు అందాక అతనికి 15 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ ఇవ్వకపోతే ఆ గడువు ముగిసిన నెల రోజుల్లోగా మీరు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

నోటీసులో ఒక్క అంకె దగ్గర జాగ్రత్త. చెక్కు 4 లక్షలకైతే అడగాల్సింది సరిగ్గా 4 లక్షలే. కోపంలో వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపేసి 5 లక్షల 80 వేలు కట్టమని రాయించేవాళ్లను చూస్తుంటాను. చెక్కు మీది మొత్తం ఒకటి, నోటీసులో అడిగింది ఇంకొకటి అయితే ఆ నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టంగా చెప్పింది. వడ్డీ అడగాలనుకుంటే ఇది చెక్కు మొత్తం, ఇది వడ్డీ అని విడగొట్టి రాయించండి. అతను హైదరాబాద్‌లో ఉన్నాడని టెన్షన్ పడొద్దు. మీరు చెక్కు వేసింది మీ ఖాతాలో కాబట్టి, మీ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడే కేసు. 2015 సవరణ తర్వాత పద్ధతి ఇది. వాయిదాలకు తిరగాల్సింది అతనే. ఒకవేళ ఈ 30 రోజులు చేజారినా, చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటకపోతే మళ్లీ బ్యాంకులో వేయవచ్చు. అది తిరిగొస్తే కొత్తగా 30 రోజులు మొదలవుతాయి.

ఇప్పుడు మీ స్నేహితుడి బెదిరింపు. సెక్షన్ ఉన్న మాట నిజమే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 269ఎస్ఎస్. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి నంబర్లు మారాయి. మీ లావాదేవీ 2023 నాటిది కాబట్టి పాత నంబర్లే చెబుతున్నాను.) 20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోకూడదు అంటుంది అది. తీసుకోకూడదు అని ఉంది, ఇవ్వకూడదు అని కాదు. పెనాల్టీ సెక్షన్ 271డి కూడా తీసుకున్నవాడి మీదే, అదీ తీసుకున్నంత మొత్తం. అంటే మిమ్మల్ని భయపెట్టడానికి అతను బయటికి తీసిన సెక్షన్ తన మెడకే చుట్టుకునేది. సరైన కారణం చూపిస్తే ఆ పెనాల్టీ నుంచి మినహాయింపు ఉంది, అది అతని తలనొప్పి. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే ఈ సెక్షనే వర్తించదు. పల్నాడు పల్లెల్లో రైతులు రాసుకునే చాలా నోట్లకు ఈ మినహాయింపు దొరుకుతుంది. షాపు ఉన్న మీకు కాదు.

మరి "అలాంటి అప్పు కోర్టులో చెల్లదు" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? 2025లో కేరళ హైకోర్టు ఇంచుమించు అలాగే తీర్పు ఇచ్చింది. ఫోన్లలో అది తెగ తిరిగింది. అదే ఏడాది సెప్టెంబర్ 25న సుప్రీంకోర్టు ఆ అభిప్రాయం తప్పని చెప్పింది. 269ఎస్ఎస్ ఉల్లంఘన జరిగితే పెనాల్టీ పడుతుందే తప్ప అప్పు చట్టవిరుద్ధం అయిపోదు, చెక్కు కేసు ఆగదు. మొదటి తీర్పు తిరిగినంతగా రెండోది తిరగలేదు. మీ స్నేహితుడు మొదటిదే చదివి ఉంటాడు.

అయితే మీ వైపున ఒక మెలిక ఉంది. ఆ 4 లక్షలు మీ దగ్గరికి ఎలా వచ్చాయో ఉత్తరంలో రాయలేదు. అతని వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే: "ఆటో ఎలక్ట్రికల్ షాపువాడికి నాలుగు లక్షల నగదు ఎక్కడిది?" పైగా 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చానని ఎవరైనా దావా వేస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కింది కోర్టులను ఆదేశించింది. చీటీ పాడుకున్న డబ్బయితే పాస్‌బుక్, బ్యాంకులో తీసిందైతే ఆ రోజు స్టేట్‌మెంట్, బంగారం కుదువపెట్టి తెచ్చిందైతే ఆ రసీదు, ఏదైనా సరే కాగితం చేతిలో పెట్టుకుని కోర్టు మెట్లు ఎక్కండి. రిటర్నుల్లో చూపని షాపు రాబడి అయితే కేసు వేయకముందే ఒక ఆడిటర్‌తో కూర్చోండి. ఈ విషయంలో లాయరు దగ్గర దాచొద్దు.

టీ కొట్టు వాదనకు వద్దాం. 50 వేల నియమం నిజమే, కానీ అది ఊరికే ఇచ్చిన డబ్బుకు. బంధువు కాని వ్యక్తులు ఏడాదిలో ఊరికే ఇచ్చింది మొత్తం 50 వేలు దాటితే, దాటినంతకే కాదు, మొత్తానికీ పన్ను పడుతుంది. మీ 4 లక్షల అసలు మీకు తిరిగి రావడం బహుమతీ కాదు, ఆదాయమూ కాదు. దాని మీద రూపాయి పన్ను లేదు. వడ్డీ మాత్రం ఆదాయమే. అప్పుడొచ్చిన 36 వేలు, ఇకముందు వచ్చేది, ఇతర ఆదాయాల కింద రిటర్నులో చూపాలి. అతను దారికొచ్చి డబ్బిస్తే ఖాతాలోకే వేయమనండి, "అప్పు అసలు వాపసు" అని ఒక ముక్క రాయమనండి. తిరిగి నగదుగా ఇస్తే అతనికి ఇంకో పెనాల్టీ (పాత చట్టంలో 269టి), మీకు ఇంకో రుజువు తక్కువ.

ఈ బంధువుల లెక్క మన ఇళ్లలో సరదాగా ఉంటుంది, మీ ఫ్రెండ్స్‌కి వినిపించండి. మేనమామ ఊరికే ఐదు లక్షలిస్తే పన్ను లేదు. అక్క మొగుడు బావ ఇచ్చినా లేదు. భార్య తమ్ముడు ఇచ్చినా లేదు. మేనమామ కొడుకు, వరసకు అతనూ బావే, అతను ఇస్తే పన్ను ఉంది! పెదనాన్న సరే, పెదనాన్న కొడుకు కాదు. మనం అన్నదమ్ములనుకునేవాళ్లను ఈ చట్టం బంధువుల్లో వేయలేదు. మీ పెళ్లికి ఎవరు చదివించినా మాత్రం మినహాయింపే.

నోటు సంగతి మర్చిపోవద్దు. చెక్కు కేసు నడుస్తోంది కదా అని నోటును బీరువాలో పెట్టేసేవాళ్లు చాలామంది. కాలపరిమితి చట్టం ప్రకారం మీ నోటుకు మూడేళ్లు, అంటే 2026 సెప్టెంబర్ 18 వరకే ప్రాణం. వడ్డీ ఇచ్చినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించి అతని సంతకం తీసుకున్నారా? తీసుకుని ఉంటే చివరి చెల్లు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఒకాయన నా దగ్గరికి నోటును పాలిథిన్ కవరులో భద్రంగా చుట్టి తెచ్చాడు. ముందువైపు రెవెన్యూ స్టాంపు, దాని మీద సంతకం, ఇద్దరు సాక్షులు, అన్నీ చక్కగా ఉన్నాయి. తిప్పి చూస్తే వెనక తెల్లగా ఉంది. "రెండేళ్లు వడ్డీ ఇచ్చాడండీ, తెలిసినవాడే కదా అని రాయించుకోలేదు" అన్నాడు. గడువు దాటి పదకొండు రోజులైంది. ఫోన్‌పేలో వచ్చిన వడ్డీ మంచి సాక్ష్యమే కానీ, గడువు పొడిగించుకోవడానికి దాని మీద ఆధారపడొద్దు. మీ నోటు వెనక కూడా తెల్లగా ఉంటే ఆ సెప్టెంబర్ లోపు సివిల్ దావా వేసేయండి. చెక్కు కేసు, నోటు దావా రెండూ కలిసి నడవవచ్చు.

బ్యాంకు విషయం. డబ్బు లేని చెక్కు రాసింది అతనైతే మీ ఖాతాలో చార్జీ ఎందుకు కోశారు, మెమో ఎందుకు ఆలస్యమైంది అని మేనేజర్‌కు కాగితం మీద రాసి, రెండో కాపీ మీద అందినట్టు సీలు వేయించుకోండి. కౌంటర్ దగ్గర అరిస్తే రికార్డు ఉండదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, ఫీజు లేదు. ఆ కొద్ది రూపాయల కోసం ఎందుకంటారేమో, ఆలస్యానికి ఒక రాత రుజువు ఉంటే చెక్కు కేసులో కూడా అక్కరకొస్తుంది. మెమో మీద బ్యాంకు ముద్ర ఉందో లేదో ఈరోజే చూడండి. ముద్ర ఉన్న మెమో చూపిస్తే చెక్కు చెల్లలేదని కోర్టు ముందుగానే నమ్ముతుంది, కాదని రుజువు చేయాల్సిన భారం అతనిది. లేకపోతే ఐదోసారి వెళ్లక తప్పదు.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు అసలు చెక్కు, మెమో, నోటు తీసుకెళ్లండి. మూడింటికీ ముందు జిరాక్సులు తీయించండి. చెక్కును మడతపెట్టొద్దు, పిన్ను కొట్టొద్దు.