కరెంటు ఎక్కడ ఆగిందో చూడు, అల్లుడూ

భీమిలి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావగారి అంబాసిడర్ పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోందనీ, పెదవాల్తేరులో బయల్దేరి ఎండాడ చేరేసరికి దగ్గి దగ్గి ఆగిపోతోందనీ, అరగంట పక్కన పెడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తోందనీ రాశావు. ఈ నెలలోనే కాయిల్ మార్చావు, ప్లగ్గులు నాలుగూ మార్చావు, కార్బురేటర్ రెండుసార్లు విప్పించావు. పాయింట్లు వారానికే కాలిపోతున్నాయని చివర్లో ఒక్క ముక్క రాశావు. నాకు కావలసింది ఆ చివరి ముక్కే. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒకటి చెప్పనీ. ఇకమీదట పరీక్ష చెయ్యకుండా ఒక్క సామానూ కొనకు. ఒకేసారి రెండు సామాన్లు అసలే మార్చకు. రెండు మారిస్తే, బాగుపడినా ఏది మార్చడం వల్ల బాగుపడిందో తెలీదు. పాడైతే ఇంకా కష్టం, పాత రోగానికి కొత్త సామాను రోగం తోడవుతుంది. నీ బండిలో ఇప్పుడు జరిగింది అదేనని నా అనుమానం.

మీ నాన్న బండిలో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. దాని కరెంటు దారి చాలా చిన్నది. బ్యాటరీ నుంచి తాళం, తాళం నుంచి కాయిల్, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు (కలుస్తూ విడిపోతూ ఉండే రెండు లోహపు ముక్కలు), పాయింట్ల నుంచి ఎర్త్. ఇది 12 వోల్టుల చిన్న కరెంటు దారి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిల్‌లో అయస్కాంతశక్తి నిండుతుంది. అవి విడిపోయిన ఆ క్షణంలో అది కూలి, కాయిల్‌లోని సన్న తీగ చుట్లలో వేల వోల్టులు పుడతాయి. ఆ పెద్ద కరెంటు డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోంచి లోపల తిరిగే రోటర్ మీదికి, రోటర్ నుంచి ఒక్కో వైరులోకి, వైరు నుంచి ప్లగ్గుకి పోతుంది. స్పార్క్ లేదంటే ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఆగిందన్నమాట. ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే మన పని. మన కాలనీలో కరెంటు పోతే ముందు మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్తాం గానీ బల్బులు మార్చం కదా.

12 వోల్టుల బల్బు ఒకటి తీసుకుని, రెండు వైర్లు అతికించి, చివర క్లిప్పులు పెట్టుకో. ఆ టెస్ట్ ల్యాంప్ చాలు, సగం రోగాలు చెప్పేస్తుంది. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. పెట్రోలు ఎక్కడా కారుతూ ఉండకూడదు, వాసన వచ్చినా ముందు అది చూడు. తాళం ఆన్‌లో పెట్టి ఊరికే వదిలెయ్యకు; పాయింట్లు కలిసి ఉన్నచోట ఇంజను ఆగి ఉంటే కాయిల్ ఉడికిపోతుంది.

ల్యాంప్ ఒక కొస ఇంజను ఇనుముకి తగిలించు. రెండో కొస కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ అని ఉన్న బోల్టుకి పెట్టు. కొత్త కాయిళ్ల మీద అది ప్లస్ గుర్తు. తాళం తిప్పితే వెలగాలి. వెలగలేదా, తాళం నుంచి కాయిల్ వరకు వచ్చే వైర్లు చూసుకో, మిగతా ఏమీ ముట్టుకోనక్కర్లేదు. వెలిగితే కొసని సీబీ అనే రెండో బోల్టుకి మార్చి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. బల్బు ఆరి, వెలిగి, ఆరి, వెలుగుతూ ఉండాలి. ఆరినప్పుడు పాయింట్లు కలిశాయి, వెలిగినప్పుడు విడిపోయాయి. అలా మిణుకుతోందంటే చిన్న కరెంటు దారి అంతా బాగానే ఉన్నట్టు. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, మురికైనా పట్టి ఉండాలి, వైరైనా తెగి ఉండాలి. ఎప్పుడూ వెలగకపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా ఎక్కడో ఎర్త్ అయిపోతోంది, లేదా కాయిల్ లోపలే తెగింది.

తర్వాత మూత మధ్య వైరు ఊడదీసి, ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టుకారుతో పట్టుకుని, కొస ఇంజను ఇనుముకి పావు అంగుళం దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించు. నీలంగా, టప్ టప్ అని చప్పుడు చేస్తూ దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ (పాయింట్లు విడిపోయేటప్పుడు మాడకుండా కాచే చిన్న డబ్బా) మూడూ పని చేస్తున్నట్టే. సన్నగా పసుపుపచ్చగా వస్తే ముందు కండెన్సర్ మీద అనుమానపడు. ఇక్కడ బాగుండి ప్లగ్గు దగ్గర స్పార్క్ లేకపోతే తప్పు రోటర్‌లోనో మూతలోనో వైర్లలోనో ఉంది. రోటర్‌ని దాని చోటే ఉంచి ఆ మధ్య వైరు కొసని రోటర్ ఇత్తడి మీదికి కొంచెం ఎత్తులో పట్టుకుని పాయింట్లు విడదీస్తే స్పార్క్ దూకకూడదు. దూకిందంటే రోటర్ లోపల చిట్లి కరెంటు కింది ఇరుసులోకి దిగిపోతోంది. పైకి చూస్తే కొత్తదానిలా ఉంటుంది, మోసపోకు.

మూత సంగతి విశాఖలో వాళ్లకి ప్రత్యేకం. మీ ఇంటికి సముద్రం నాలుగు అడుగుల్లో ఉంది. సాయంత్రం బీచ్ రోడ్డులో బండి పెట్టి గంట సేపు తిరిగొచ్చి అద్దం మీద వేలు రాసి చూడు, జిగటగా ఉంటుంది. ఆ ఉప్పు తేమే మూత మీదా, వైర్ల మీదా, ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ అల్లిక పట్టీ కింద కూడా చేరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక వరసగా ఎన్ని మూతలు తుడిచి ఆరబెట్టానో లెక్కలేదు, వాటిలో సగానికి అంతకు మించిన వైద్యం అక్కర్లేకపోయింది. మూత తీసి వెలుతురుకి వాల్చి చూడు. లోపలి గోడ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత ఒక ఇత్తడి ముక్క నుంచి ఇంకోదానికి పాకి ఉంటే అది కరెంటు వేసుకున్న దొంగదారి. గీకినా పోదు, మూత మార్చాల్సిందే. ఇంకొకటి చెయ్యి. చీకటి పడ్డాక వీధి దీపం వెలుగు పడనిచోట ఇంజను ఆన్ చేసి బానెట్ ఎత్తు. వైర్ల వెంట నీలిరంగు మిణుగురులు పాకితే ఏ వైరు మార్చాలో నువ్వే వేలుపెట్టి చూపిస్తావు. ఫ్యాను దగ్గర చేతులూ లుంగీ కొసలూ జాగ్రత్త.

వైర్లు తీసినప్పుడు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకో. ఈ ఇంజనులో సిలిండర్లకి స్పార్క్ అందే వరస 1-3-4-2, రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురుగా తిరుగుతుంది.

ఇక పాయింట్లు. నువ్వు అసలు విషయం దాటేసింది ఇక్కడే. పాయింట్ల మధ్య సందు 0.015 అంగుళం ఉండాలి, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచటి రేకులు) ఆకు దూర్చి చూస్తే సందులో పట్టీ పట్టనట్టు, వెన్న మీద కత్తి జారినట్టు జారాలి. పాయింట్లని తెరిచే కామ్ (డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీది కోణాల ముక్క) కోణం కచ్చితంగా పైకి లేచినచోటే కొలవాలి, అందుకు ఇంజనుని నెమ్మదిగా తిప్పాలి. మీ బండికి తిప్పుడు హ్యాండిల్ ఉంది కదా, అదే మేలు. ప్లగ్గులు తీసేస్తే తేలిగ్గా తిరుగుతుంది. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్లతో ఒకే వైపు ఉంచు, చుట్టూ మడవకు. టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, ముందుకి ఉన్న ఇంజను వెనక్కి కొడితే మణికట్టు విరిగిపోయిన మనుషుల్ని నేను చూశాను.

కామ్ మీద రాసుకునే ఫైబరు ముక్క అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, సందు తగ్గితే టైమింగ్ వెనకబడుతుంది, పుల్లింగ్ పోతుంది, ఇంజను వేడెక్కుతుంది. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు బండి మునుపటిలా లాగడం లేదంటే అందరూ క్లచ్చు అంటారు, ముందు ఈ సందు కొలవండి అంటాను నేను. కామ్‌కి గోరంత గ్రీజు రాస్తే ఆ ముక్క చాలా కాలం నిలుస్తుంది. గ్రీజు ఎక్కువైతే పాయింట్ల మీదకి చింది మళ్లీ మంట పెడుతుంది.

పాయింట్ల మొహాలు చూడు. బూడిదరంగులో, సమంగా ఉంటే ఆరోగ్యం. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద మొటిమ లేస్తే కండెన్సర్ లెక్క సరిపోలేదని. నీలంగా మాడి, వారానికే పోతున్నాయంటే కరెంటు ఎక్కువ పోతోందని. ఇప్పుడు నీ కొత్త కాయిల్ దగ్గరికి వద్దాం. కాయిళ్లు రెండు రకాలు. ఒకటి నేరుగా 12 వోల్టులు తట్టుకునేది, దాని రెండు బోల్టుల మధ్య మీటరు పెడితే సుమారు 3 ఓమ్‌లు చూపిస్తుంది, దాన్లోంచి నాలుగు ఆంపియర్ల కరెంటు పోతుంది. రెండోది బ్యాలస్ట్ రెసిస్టర్‌తో, అంటే దారిలో కరెంటుని తగ్గించే ముక్కతో, వాడేది, అది సుమారు ఒకటిన్నర ఓమ్. రెసిస్టర్ లేని బండికి దాన్ని తగిలిస్తే ఎనిమిది ఆంపియర్లు. పాయింట్లు మాడతాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, వేడెక్కాక స్పార్క్ చచ్చిపోతుంది, చల్లారితే బతుకుతుంది. నీ ఉత్తరం మొత్తం ఇదే చెబుతోంది అల్లుడూ. డబ్బా ఒకేలా ఉంటుంది, అమ్మిన కుర్రాడికి తేడా తెలిసి ఉండకపోవచ్చు.

అయినా నా మాట పట్టుకుని ఇంకో కాయిల్ కొనకు. ముందు వైర్లు రెండూ ఊడదీసి మీటరు పెట్టు. పాత కాయిల్ అటకమీద ఉందిగా, అదీ కొలువు. ఆ తర్వాత ఎండాడ దాకా నడిపి, ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే పరీక్ష చెయ్యి. చల్లారాక చేస్తే రోగం దాక్కుంటుంది. బండిలో ఒక పాత ప్లగ్గు ఉంచుకో. మధ్య వైరుని దానికి తగిలించి, ప్లగ్గు ఒళ్లు ఇంజను ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించు. స్పార్క్ నీలంగా ఉందంటే కాయిల్‌ది తప్పు కాదు, మే నెల ఎండలో పైపులో పెట్రోలు ఆవిరై ఆగి ఉంటుంది, అప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి చూడు. స్పార్క్ లేదంటే కాయిల్ మీద తడిగుడ్డ కప్పు. పది నిమిషాల్లో స్పార్క్ తిరిగొస్తే దొంగ దొరికినట్టే.

రెండూ కాకపోతే ఒకటుంది. ముప్పై ఏళ్ల పైమాట, అరకు నుంచి దిగుతూ అనంతగిరి ఘాట్‌లో ఒక కుటుంబం బండి ఇలాగే ఆగి ఆగి నడిచింది. పిల్లలు లోపల ఏడుస్తున్నారు, నేను కంగారులో పెట్రోలు అనుకుని పంపు విప్పాను, కార్బురేటర్ విప్పాను. రెండు గంటలు పోయాయి. చివరికి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లకి వచ్చే చిన్న వైరుని వేళ్లతో మెల్లిగా లాగితే రబ్బరులా సాగింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి పోగులు తెగిపోయాయి. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా వ్యాక్యూమ్, అంటే ఇంజను గాలి పీల్చే లాగుడు, పాయింట్లు బిగించి ఉన్న పళ్లేన్ని అటూ ఇటూ తిప్పుతుంది కదా, ఆ కదలికకి పోగులు కలుస్తూ విడిపోతూ వచ్చాయి. ఆ పళ్లెం కిందే ఎర్త్ వైరు ముక్క ఒకటి ఉంటుంది, అదీ ఇలాగే తెగుతుంది. రెండింటినీ లాగి చూడు. మెత్తటి, సన్న పోగుల వైరే వెయ్యాలి, ఇంటి కరెంటు వైరు వేస్తే నెలలో విరుగుతుంది.

పాత సామాన్లు ఏవీ పారెయ్యకు, ముఖ్యంగా బావగారు వాడిన రోటర్, కండెన్సర్. ఈ మధ్య కొత్తవి విప్పగానే పోయినవి చూశాను, పాతదే బండిలో స్పేర్‌గా ఉంచుకో. ప్లగ్గుల సందు 0.025 అంగుళం పెట్టు.

రెండు కాయిళ్ల మీటరు అంకెలూ, ఎండాడ దగ్గర స్పార్క్ ఏ రంగులో వచ్చిందో రాసి పంపు. ఆదివారం పొద్దున్న ఏడింటికి నేను బస్సులో వస్తాను, టైమింగ్ ఇద్దరం కలిసి పెడదాం. హ్యాండిల్ డిక్కీలో స్టెప్నీ పక్కనే ఉండాలి, తీసి తుప్పు తుడిచి ఉంచు. అక్కయ్యకి నమస్కారాలు చెప్పు.

మీ మావయ్య