పాలిమర్ క్లే పొగతో బాబుకు ఇబ్బంది: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లోనే ఫీజు తీసుకుని అయిదారేళ్ల పిల్లలకు బొమ్మలు చేయడం నేర్పుతాను. అదే నా జీవనాధారం. శ్రీకాకుళంలో కొన్న పాలిమర్ క్లేతో చేసిన బొమ్మలను ఓవెన్‌లో పెడితే పొగ వచ్చి, ఒక బాబుకు దగ్గు, కళ్ల మంట పట్టుకున్నాయి. వాళ్ల నాన్న నా మీద కేసు వేస్తానంటున్నారు. ప్యాకెట్ మీద పిల్లల ఫొటో ఉంది కానీ ఐ.ఎస్.ఐ. గుర్తు లేదు. నేను షాపు మీద కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందు బాబుకు ఎలా ఉందో కనుక్కోండి. పలకరించినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

షాపు మీద వేయొచ్చు. తయారీదారును కూడా చేర్చండి. 14 ఏళ్లలోపు పిల్లల ఆట వస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. 'ఇది ఆట వస్తువు కాదు, ఆర్టిస్టుల సామాను' అని వాళ్లు వాదిస్తారు. పిల్లల ఫొటో ఉన్న ఆ ప్యాకెట్, బిల్లు పారేయకండి, మీకు బలం అవే. క్లాసు కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని కూడా అనొచ్చు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నవాళ్లూ వినియోగదారులేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. శ్రీకాకుళం తిరగనక్కర్లేదు, ఒడిశాలో మీరుండే గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు.

అసలు చిక్కు ఓవెన్ దగ్గరుంది. పేరులో క్లే ఉన్నా అది మట్టి కాదు, పి.వి.సి. ప్లాస్టిక్. దాన్ని సాధారణంగా 110 నుంచి 130 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బాగా ఎక్కువైతే మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువు వస్తుంది. మీరెంత వేడి పెట్టారో రాయలేదు. ప్యాకెట్ మీద చెప్పినదానికి మించి పెట్టి ఉంటే, వస్తువును తప్పుగా వాడారంటూ ఆ చట్టంలోని 87వ సెక్షన్ చూపించి షాపు తప్పించుకోవచ్చు. అప్పుడు బాబు తండ్రికి మీరే జవాబు చెప్పుకోవాలి. ఫీజు తీసుకుని నేర్పడం సేవ కిందికే వస్తుంది, అజాగ్రత్త రుజువైతే పరిహారం ఇవ్వాల్సిందే. 'ఏం జరిగినా మాది బాధ్యత కాదు' అని తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించుకున్నా, వాటిని నమ్ముకోకండి.

ఇకమీదట పిల్లలు బొమ్మ చేయడం వరకే. కాల్చే పని వాళ్లు ఇళ్లకు వెళ్లాక, కిటికీలు తీసి, వంటకు వాడని ఓవెన్‌లో మీరే చేయండి. లోపల థర్మామీటర్ పెట్టండి. క్లే ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగనిదే ఏమీ తిననివ్వకండి. నన్నడిగితే ఆ వయసు పిల్లలకు వినాయకుడి బొమ్మలు చేసే బంకమట్టే మేలు.

ఇప్పటికి ఆ తండ్రితో కూర్చుని, వైద్యం ఖర్చు భరించి రాజీపడటం మంచిది. రాజీ కాగితం మాత్రం ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో రాయించండి. రేపు కమిషన్ ముందు పెట్టాల్సి వస్తే అనువాదం కోసం తిరిగే టెన్షన్ ఉండదు.