రిపోర్టులో వేరియంట్ పేరెందుకు లేదు?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోడుమూరు. మా అమ్మకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. మూడు రోజులుగా జ్వరం, గొంతునొప్పి. టెస్టులో కోవిడ్ పాజిటివ్ వచ్చింది. ఏ వేరియంటో రిపోర్టులో లేదు, ల్యాబ్‌లో అడిగితే తెలీదన్నారు. 2021లో కర్నూలులోనే కొత్త వేరియంట్ బయటపడిందని టీవీలో చూశాం. అందుకే టెన్షన్. ఆ టెస్ట్ ఎక్కడ చేయించాలి? – ఓ పాఠకురాలు

జవాబు: ల్యాబ్‌వాళ్లు నిజమే చెప్పారమ్మా. ఆర్‌టీపీసీఆర్‌లో తెలిసేది వైరస్ ఉందా లేదా అన్నదే. వేరియంట్ తేలాలంటే వైరస్ జన్యువులోని దాదాపు 30 వేల అక్షరాలను చదవాలి. అదే జీనోమ్ సీక్వెన్సింగ్. అందరి శాంపిళ్లకూ చేయరు. పాజిటివ్‌లలో కొన్నింటిని ఏరి పంపుతారు, అదీ వైరస్ దండిగా ఉన్నవాటిని. దేశమంతటా ఈ పని చూడటానికే 2020 డిసెంబరులో కేంద్రం ‘ఇన్సాకాగ్’ పేరుతో 10 ల్యాబ్‌లను కలిపింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ అందులో ఒకటి. మురుగునీటిలోనూ వెతుకుతారు. టెస్టుకు రానివాళ్ల వైరస్ కూడా అక్కడ దొరికిపోతుంది మరి! ఏ రకం ఎక్కడ పెరుగుతోందో ప్రభుత్వానికి ముందే తెలియడానికి ఇదంతా. చాలాసార్లు ఫలితం వచ్చేసరికి పేషెంట్ కోలుకొని ఇంట్లో తిరుగుతుంటారు. అందుకే మీరు విడిగా చేయించాల్సిన పనిలేదు.

ఇక ‘కర్నూలు వేరియంట్’ సంగతి. అది ఎన్440కె అనే మార్పు. ల్యాబ్‌లో పెంచిన కణాల్లో అది ఎక్కువగా పెరిగిందన్న ఫలితాన్ని పట్టుకొని మన ఊరిని హడలెత్తించారు. అది తగ్గుముఖం పట్టిందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2021 మేలోనే చెప్పారు. ఆ ఏడాది సెకండ్ వేవ్‌లో దేశాన్ని కుదిపేసింది డెల్టా అనే వేరియంట్. ఊళ్లకు, దేశాలకు మచ్చ రాకూడదనే డబ్ల్యూహెచ్‌ఓ ఆ నెలాఖరున వేరియంట్లకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టింది.

వేరియంట్ ఏదైనా మీ అమ్మగారి విషయంలో చూడాల్సింది వయసు, షుగర్, ఆక్సిజన్. ఈ రోజే డాక్టర్‌కు చూపించండి. ఇలాంటివాళ్లకు ఇచ్చే యాంటీవైరల్ మందులను లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. మీకు ఇప్పటికే మూడు రోజులు పోయాయి. షుగర్ మాత్రలు మానొద్దు, రోజూ చెక్ చేయండి. పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా అర్ధరాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకురండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు మాత్రం వేయకండి. షుగర్ అదుపు తప్పుతుంది. సెకండ్ వేవ్‌లో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది షుగర్ ఉండి స్టెరాయిడ్లు వాడినవాళ్లే.