రెండు అట్లాసులు, రెండు పేర్లు: ఏది రాయాలి?

ప్రశ్న: మేడమ్, నేను ఎఫ్ఎంఆర్ఐ (పనిచేస్తున్న మెదడును స్కాన్ చేసే పద్ధతి) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. చర్మానికి నొప్పి పుట్టేంత వేడి తగిలితే మెదడు ఎలా స్పందిస్తుందన్నది నా అంశం. ఫలితాల్లో ఎడమవైపు 412 వోక్సెల్స్ (స్కాన్ బొమ్మలోని చిన్న ఘనాలు) ఉన్న క్లస్టర్, అంటే చురుగ్గా కనిపించిన గుంపు, ఒకటి వచ్చింది. పీక్ (సిగ్నల్ అన్నిటికంటే బలంగా ఉన్న బిందువు) ఎంఎన్ఐ కోఆర్డినేట్లు, అంటే ప్రామాణిక మెదడు నమూనాలో దాని స్థానం, −40, 22, 2. మెదడు ప్రాంతాల పేర్లు చెప్పే పటాల్లో ఒకటైన ఏఏఎల్ అట్లాస్‌ను అడిగితే ఇన్‌ఫీరియర్ ఫ్రంటల్ గైరస్ (నుదుటి వైపు భాగంలోని కింది మడత) అంటోంది. హార్వర్డ్-ఆక్స్‌ఫర్డ్ అట్లాస్ ఏమో ఇన్సులా (మడత లోపల దాగిన ప్రాంతం) 38 శాతం, ఫ్రంటల్ ఆపర్‌క్యులమ్ (దాన్ని కప్పే భాగం) 30 శాతం అంటోంది. మా గైడ్ ‘నొప్పి మీద పని కదా, ఇన్సులా అని రాసెయ్’ అంటున్నారు. థీసిస్ ఇచ్చే గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఏది కరెక్ట్?

జవాబు: రెండు అట్లాసులూ తమ లెక్క ప్రకారం సరిగ్గానే చెప్పాయి. ఏఏఎల్‌కు ఆధారం ఒకే ఒక్క మనిషి మెదడు. ఆయన్ను 27 సార్లు స్కాన్ చేసి, సగటు బొమ్మ తీసి, దాని మీద గాడులను చూసుకుంటూ చేత్తో హద్దులు గీశారు. 2002లో వచ్చిన అట్లాస్ అది. అంటే మీ పీక్ పడిన చోట ఆ ఒక్క మనిషికి ఏముందో అది చెబుతుంది. హార్వర్డ్-ఆక్స్‌ఫర్డ్‌ను 37 మంది మెదళ్లలో విడివిడిగా హద్దులు గుర్తించి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి తయారుచేశారు.

ఆ 38 శాతం దగ్గరే చాలామంది పొరబడతారు. మీ క్లస్టర్‌లో 38 శాతం ఇన్సులాలో ఉందని దాని అర్థం కాదు. మీ సిగ్నల్ ఇన్సులా నుంచి వచ్చే అవకాశం 38 శాతమనీ కాదు. ఆ 37 మందిలో సుమారు 14 మందికి ఆ బిందువు దగ్గర ఇన్సులా ఉంది, 11 మందికి ఆపర్‌క్యులమ్ ఉంది. మిగిలినవారికి అక్కడ వేరే ప్రాంతమో, తెల్ల పదార్థమో, గాడిలోని ద్రవమో ఉంది. మీ వలంటీర్లలోనూ అంతే తేడా ఉంటుంది.

పైగా మీ పీక్ పడిన చోటే చిక్కైనది. ఆపర్‌క్యులమ్ ఇన్సులా మీదికి మడతపడి ఉంటుంది. రెండింటికీ మధ్య కొన్ని మిల్లీమీటర్లే. మీరు 8 మిల్లీమీటర్ల స్మూదింగ్ (పక్కపక్క వోక్సెల్స్ సిగ్నల్‌ను కలిపి సగటు చేయడం) చేసి ఉంటే మడతకు అటూ ఇటూ ఉన్న సిగ్నల్ కలిసిపోయినట్టే. ఇక సైజు చూడండి. వోక్సెల్ 2 మిల్లీమీటర్లదైతే ఒక్కోటి 8 ఘనపు మిల్లీమీటర్లు, 412 కలిపితే దాదాపు 3,300. అంత మేర విస్తరించిన దానికి ఒక్క పీక్ బిందువు పేరు పెట్టడం ఏం న్యాయం? ఎన్ని వోక్సెల్స్ ఏ ప్రాంతంలో పడ్డాయో లెక్కతీసి ఆ లెక్కే ఇవ్వండి.

ఇంకో మాట. క్లస్టర్ స్థాయి పరీక్ష (గుంపు మొత్తాన్ని ఒకటిగా చూసే గణాంక పరీక్ష) నెగ్గిందంటే ఆ 412 వోక్సెల్స్‌లో ఎక్కడో ఒకచోట ప్రభావం ఉందనే అర్థం. ప్రతి వోక్సెల్‌లోనూ ఉందని కాదు. కాబట్టి ‘ఇన్సులా, ఆపర్‌క్యులమ్, ఫ్రంటల్ గైరస్ మూడూ చురుగ్గా ఉన్నాయి’ అని కూడా రాయకండి.

మీ గైడ్ మాటను గౌరవంగానే కాదంటాను. నొప్పి గురించి తెలుసుకోవడానికి ప్రయోగం చేసి, నొప్పి కాబట్టి ఇన్సులా అని పేరు పెట్టి, ఇన్సులా వచ్చింది కాబట్టి నొప్పే అని ముగిస్తే కొత్తగా తెలిసిందేమీ లేదు. ఇన్సులా ముందు భాగం నొప్పికే కాదు, ఎన్నో రకాల పనుల్లో చురుగ్గా కనిపిస్తుంది. ప్రాంతం పేరు పట్టుకుని మానసిక ప్రక్రియను ఊహించడంలోని ఈ ప్రమాదం గురించి న్యూరోసైంటిస్ట్ పోల్‌డ్రాక్ 2006లోనే వివరంగా రాశారు.

ఈ వారంలోనే చేయగలిగిన పని ఒకటుంది. అట్లాస్‌ను పక్కనపెట్టి, మీ వలంటీర్ల సగటు అనాటమీ బొమ్మ మీద మీ మ్యాప్‌ను పెట్టి, కరోనల్ స్లైసుల్లో (మెదడును ఎదుటి నుంచి చూసినట్టు నిలువుగా కోసిన పొరల్లో) ఒక్కొక్కటే కదుపుతూ చూడండి. సిగ్నల్ మడతకు లోపలివైపు బలంగా ఉందా, బయటివైపా? థ్రెషోల్డ్ పెట్టని, అంటే బలహీన సిగ్నల్‌ను కూడా తీసేయని, మ్యాప్ కూడా చూడండి. అప్పటికీ తేలకపోతే తేలలేదనే రాయాలి. నేనైతే ఇలా రాస్తాను: ‘ఎడమ ముందు ఇన్సులా, ఫ్రంటల్ ఆపర్‌క్యులమ్‌ల మీదుగా విస్తరించిన క్లస్టర్, పీక్ ఎంఎన్ఐ −40, 22, 2, పేర్లు హార్వర్డ్-ఆక్స్‌ఫర్డ్ అట్లాస్ ప్రకారం.’ ఏఏఎల్ వేరే పేరు చెప్పిందని ఫుట్‌నోట్‌లో పెట్టండి, దాచకండి. రేపు ఎవరైనా మెటా అనాలిసిస్ (ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి విశ్లేషించడం) చేస్తే వాళ్లకు పనికొచ్చేది పేరు కాదు, ఆ మూడు అంకెలు. అవి ఎంఎన్ఐవో, తలైరాక్ అనే మరో కోఆర్డినేట్ పద్ధతివో చెప్పకపోతే కొన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చేస్తుంది; మీ వివాదమంతా ఆ కొన్ని మిల్లీమీటర్ల మీదే కదా.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ నా క్లస్టర్‌ను ‘బ్రాడ్‌మన్ ఏరియా 44’ అంది. అలాగే రాయొచ్చా?

జవాబు: వద్దు. జర్మన్ నాడీశాస్త్రవేత్త బ్రాడ్‌మన్ 1909లో ఆ నంబర్ల ప్రాంతాల హద్దులను మైక్రోస్కోపు కింద కణాల పొరలు చూసి గీశారు. మీ స్కాన్‌లో కణాలు కనబడవు. 44 హద్దులు మనిషి మనిషికీ మారతాయి, గాడుల వెంటే కచ్చితంగా నడవవు. ఆ నంబరు తప్పనిసరిగా కావాలంటే, ఒక్కో ప్రాంతానికి చనిపోయినవారి 10 మెదళ్లను కోసి కణాలు చూసి తయారుచేసిన యూలిష్ అట్లాస్‌లో మీ పీక్‌కు ఎంత శాతం వస్తుందో చూసి, ఆ శాతంతో సహా రాయండి.