శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ నూలు వడకడాన్ని వీఆర్‌లో (హెడ్‌సెట్‌లో కనిపించే కృత్రిమ ప్రపంచంలో) పెడితే జనం రెండు నిమిషాలకే హెడ్‌సెట్ తీసేస్తున్నారు. ఫ్లో ఎలా తేవాలి?

మీరు వడకడాన్ని చూపిస్తున్నారు, వడకనివ్వడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

పొందూరులో రాట్నం ముందు కూర్చున్న అమ్మను పిలిచి చూడండి, వెంటనే పలకదు. అలా పనిలో లీనమైపోవడాన్నే మనస్తత్వ శాస్త్రవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి ‘ఫ్లో’ అన్నారు. ఏం చేయాలో స్పష్టంగా ఉండాలి, ఫలితం ఆ క్షణమే తెలియాలి, పని చేతి నేర్పుకు తగ్గట్టుండాలి. మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే కంగారు.

నూలులో ఈ మూడూ ముందే ఉన్నాయి! ఏకును (వడకడానికి చుట్టిన దూదిని) లాగే తీరు తప్పితే పోగు తెగుతుంది. కాబట్టి పోగు బలహీనపడుతున్నప్పుడే చేతిలో పట్టుకునే కంట్రోలర్ సన్నగా కంపించాలి; తెగేలోపే చేతికి తెలిసిపోవాలి. లావు పోగుతో మొదలుపెట్టించండి. నిలకడగా వస్తుంటే కాస్త సన్ననిది ఇస్తూ, పొందూరుకు పేరు తెచ్చిన 100 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నం) దాకా తీసుకెళ్లండి. వరసగా తెగుతుంటే చెప్పకుండానే చక్రం నెమ్మది చేయండి. ‘తప్పు’ అని కళ్ల ముందు అక్షరాలు మాత్రం వద్దు, ధ్యాస చెదిరిపోతుంది. స్కోరూ వద్దంటాను, కదురు మీద పెరిగే నూలు చాలు.

వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేయడం అద్భుతమైన ఘట్టం. అయినా చెయ్యి కుదిరాకే పెట్టండి, మొదట్లోనే అన్నీ మీద పడేస్తే బెదిరిపోతారు.

ఇంకోటి, తల తిప్పినప్పుడు దృశ్యం ఆలస్యంగా కదిలితే కళ్లకూ లోపలి చెవికీ పొంతన కుదరక వికారం వస్తుంది. ముందు అది సరిచేసుకోండి. చూసేవాళ్లను కూర్చోబెట్టండి, వడికేది కూర్చునే కదా.