మొదట ఆ చెరువు దగ్గరికి వెళ్లు

చిరంజీవి అమ్మలుకి, పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన పరిశోధన ప్రపోజల్ రెండుసార్లు చదివాను. ‘హైదరాబాద్ చెరువులపై నగరీకరణ ప్రభావం’ అని పేరు పెట్టావు. అంశం ఉంది గానీ, నీ ప్రశ్న ఏమిటో నాకు దొరకలేదమ్మా. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి నీళ్లు హైవే మీదికొచ్చాయి, గుర్తుందా? నువ్వప్పుడు ఇంటర్ చదువుతున్నావు. అలాంటి ఒక్క చెరువు తీసుకో. అది నిండి అలుగు పారితే నీళ్లు ఏ దారిన పోవాలి, ఆ దారిలో ఇప్పుడేముంది? అలా అడిగితే జవాబు వెతకడానికి ఎక్కడికి వెళ్లాలో నీకే తెలుస్తుంది.

నా మొదటి ప్రపోజల్‌ను మా గైడు తిప్పి ఇచ్చేశారు. “మ్యాపులో గీసిన ఈ చెరువు దగ్గరికి ఎప్పుడైనా వెళ్లావా?” అని అడిగారు. వెళ్లలేదు. మర్నాడే బస్సెక్కి వెళ్లాను. టోపోషీట్‌లో, అంటే ఆ సర్వే మ్యాపులో, నీలం రంగున్న చోట జొన్న కోస్తున్నారు. మ్యాపు తప్పేమో అనుకున్నాను. అక్కడున్న పెద్దాయన చెప్పాడు, అది శిఖం భూమి, నీళ్లు తగ్గాక సాగు చేసుకుంటాం, వానలు పడితే మళ్లీ చెరువేనని. అంతవరకు చెరువుకు ఒకటే అంచు ఉంటుందనుకున్నాను. రెవెన్యూ రికార్డులో శిఖం ఒకటి, ఇంజినీర్ల ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, ఒకటి, ఆ రోజు నిలిచిన నీళ్ల అంచు ఇంకొకటి. ఈ మూడింట్లో దేన్ని చెరువంటున్నావో ప్రపోజల్ మొదటి పేజీలోనే చెప్పాలి.

ఇతరుల వ్యాసాలు చదివేటప్పుడు కూడా ఇదే పట్టుకో. ఫలానా చెరువు సగానికి తగ్గిందని ఎవరైనా రాస్తే, ముందు ఉపగ్రహ చిత్రాల తేదీలు చూడు. పాతది నవంబరులోదీ, కొత్తది మే నెలలోదీ అయితే, ఆ తగ్గుదలలో కబ్జా ఎంతో ఎండాకాలం ఎంతో చెప్పలేం. ఆ రెండు చిత్రాలు తీసిన సంవత్సరాల్లో వాన ఎంత పడిందో కూడా రాశారా? గుర్రపు డెక్క కమ్మేసిన నీళ్లు చిత్రంలో పచ్చగా కనిపిస్తాయి, వాటిని పచ్చిక కింద లెక్కేశారా? ల్యాండ్‌శాట్ ఉపగ్రహం మామూలు చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్ల చదరం. ఐదారు మీటర్ల నాలా అందులో విడిగా కనిపించదు. ఆ చిత్రంతోనే నాలా ఆక్రమణ కొలిచామంటే నేను నమ్మను.

జనాభా పట్టికలున్న వ్యాసమైతే హద్దులు చూడు. 2007లో పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్, అంటే జీహెచ్‌ఎంసీ అయింది. అంతకు ముందూ తర్వాతా హైదరాబాద్ ఒకటే ఊరన్నట్టు పోలిస్తే కుదరదు.

విమర్శ అంటే తప్పులు ఏరడమని నీ ఈడు పిల్లలు చాలామంది అనుకుంటారు. ముందు ఆ రచయిత ఏం సాధించారో ఒక పేరా రాయి, ఆయనే చదివినా “అవును, నేను చెప్పింది ఇదే” అనేలా. ‘కులం గురించి రాయలేదు, భూగర్భజలం గురించి రాయలేదు’ అంటూ పోవద్దు, అన్నీ ఉన్న వ్యాసం ఎక్కడా ఉండదు. ఆయన చేసిన కొలత ఆయన చెప్పిన మాటకు సరిపోతుందా, అంతే చూడు. సరిపోని చోటే నీ ప్రశ్న దొరుకుతుంది. ‘ఇంతవరకు ఎవరూ చేయలేదు’ అనే వాక్యం మాత్రం కొట్టేయి. ఎవరో ఒకరు చేసే ఉంటారు.

టైమ్ టేబుల్లో ఒక వానాకాలం పూర్తిగా ఉండాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా కట్ట మీద తిరగకుండా అలుగు గురించి రాయలేవు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చేసిన కూల్చివేతలు చూశాక చెరువు పక్కన ఇల్లున్నవాళ్లకు మ్యాపు పట్టుకొచ్చిన మనిషంటే భయం. చాలామంది జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇళ్లవి. టేపు తీసేముందు నువ్వెవరో, ఎందుకొచ్చావో నెమ్మదిగా చెప్పు. పేర్లు, ఇంటి నంబర్లు నోట్‌బుక్‌లో రాయకు. వద్దంటే దండం పెట్టి వచ్చెయ్యి. ఈ జాగ్రత్తలన్నీ ప్రపోజల్‌లో కూడా రాయి.

దసరాలోపు మొదటి పేజీ మార్చి పంపు. ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి. తార్నాక వచ్చినప్పుడు నా పాత టోపోషీట్లు తీసుకెళ్లు, అటకమీద గొట్టంలో ఉన్నాయి.

మీ పెద్దనాన్న